సిమ్యులేషన్‌లో 0.6 డీబీ, బెంచ్ మీద 1.9 డీబీ: నా ఎల్‌ఎన్‌ఏ ఎక్కడ దెబ్బతింటోంది?

తొలిసంకేతం · ఆదివారం రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ రెండో ఏడాది చదువుతున్నాను. చిన్న ఉపగ్రహాలు 2.2 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే ఎస్-బ్యాండ్‌లో పంపే డేటాను అందుకునే గ్రౌండ్ స్టేషన్ రిసీవర్ నా థీసిస్. అందులో నా సొంత పని ఎక్కువగా డిష్ ఫీడ్ వెనకాలే ఉండే మొదటి ఆంప్లిఫయర్ మీద, అదే ఎల్‌ఎన్‌ఏ (లో నాయిస్ ఆంప్లిఫయర్, తక్కువ నాయిస్ కలిపే ఆంప్లిఫయర్) మీద. ఒకే పీహెచ్‌ఈఎమ్‌టీ (తక్కువ నాయిస్ రకం) ట్రాన్సిస్టర్, ఒకే స్టేజ్. బోర్డు 1.6 మిల్లీమీటర్ల ఎఫ్‌ఆర్4, అంటే మామూలు గ్లాస్‌ఫైబర్ సర్క్యూట్ బోర్డు.

సిమ్యులేషన్‌లో నాయిస్ ఫిగర్ (ఆంప్లిఫయర్ తనవంతుగా ఎంత నాయిస్ కలుపుతుందో డెసిబెల్స్‌లో చెప్పే అంకె) 0.6 డీబీ, గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచుతుందో) 15 డీబీ వచ్చాయి. బోర్డు తయారుచేసి కొలిస్తే నాయిస్ ఫిగర్ 1.9, గెయిన్ 12. ట్రాన్సిస్టర్ పోయిందేమోనని కొత్తది పెట్టాను. అంకెలు అలాగే ఉన్నాయి. రెండో బోర్డు కట్టాను. 1.8 వచ్చింది.

అంకెలు ఎందుకు కలవలేదో తేలేదాకా ఆ చాప్టర్ రాయొద్దని గైడ్ అన్నారు. ఇంకా ఆరు వారాలే ఉంది. నిజంగా టెన్షన్‌గా ఉంది. ఎక్కడి నుంచి వెతకాలో చెప్పగలరా?

రాగితీగ · ఆదివారం రాత్రి 11:52

ముందు నాలుగు విషయాలు చెప్పండి. నాయిస్ సోర్స్‌కీ (కొలత కోసం తెలిసినంత నాయిస్ ఇచ్చే పరికరం) మీ బోర్డుకీ మధ్య ఏముంది? ఇన్‌పుట్ మ్యాచింగ్‌లో వాడిన ఇండక్టర్‌ను సిమ్యులేషన్‌లో ఎలా పెట్టారు? ట్రాన్సిస్టర్ సోర్స్ కాళ్లు గ్రౌండ్‌కి ఎలా కలిశాయి, ఎన్ని వయాలు (బోర్డు కింది గ్రౌండ్ పొరకి దింపే రాగి పూత రంధ్రాలు), కాలికి ఎంత దూరంలో? స్టెబిలిటీని, అంటే ఆంప్లిఫయర్ తనంతట తాను ఆసిలేట్ అవ్వదన్నదాన్ని, ఎన్ని గిగాహెర్ట్జ్ దాకా చూశారు?

ఈ నాలుగూ తెలియకుండా ఎవరేం చెప్పినా ఊహే అవుతుంది.

తొలిసంకేతం · సోమవారం ఉదయం 7:05

సర్, వెంటనే అడిగినందుకు థాంక్స్.

ఒకటి: కనెక్టర్లు కుదరక మధ్యలో 30 సెంటీమీటర్ల కేబుల్, ఒక అడాప్టర్ పెట్టాను. కాలిబ్రేషన్ మాత్రం నాయిస్ సోర్స్‌ను నేరుగా మీటర్‌కి పెట్టి చేశాను.
రెండు: ఇండక్టర్ ఐడియల్. విలువ ఒక్కటే ఇచ్చాను.
మూడు: రెండు సోర్స్ కాళ్లకూ ఒక్కో వయా. కాలి చివర నుంచి 2 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయి. సిమ్యులేషన్‌లో సోర్స్‌ను నేరుగా గ్రౌండ్ చేశాను.
నాలుగు: 4 గిగాహెర్ట్జ్ దాకా చూశాను. అంతటా స్టెబిలిటీ చెప్పే కె విలువ 1 కన్నా ఎక్కువే ఉంది, అంటే ఆసిలేట్ అవ్వకూడదు.

రాగితీగ · సోమవారం ఉదయం 8:30

మీ జవాబుల్లోనే చాలావరకు సమాధానం ఉంది. ఒక్కొక్కటే లెక్క వేద్దాం.

కేబుల్: ఎల్‌ఎన్‌ఏకి ముందు, గది ఉష్ణోగ్రతలో ఉన్న ఏ నష్టమైనా డీబీకి డీబీ నాయిస్ ఫిగర్‌లో కలుస్తుంది. ఆ కేబుల్, అడాప్టర్ కలిపి ఎంత తింటున్నాయో విడిగా కొలవండి. 0.3 నుంచి 0.4 దాకా ఉంటుందని నా అంచనా. ఇది బోర్డు తప్పు కాదు, కొలతలో వచ్చిన తప్పు.

ఇండక్టర్: చిన్న చిప్ ఇండక్టర్‌కి ఈ ఫ్రీక్వెన్సీలో క్యూ (ఎంత తక్కువ నష్టంతో పనిచేస్తుందో చెప్పే అంకె) 40 ఉందనుకుందాం. మ్యాచింగ్ సర్క్యూట్ లోడెడ్ క్యూ, అంటే మిగతా సర్క్యూట్‌తో కలిసినప్పటిది, 2 అయితే, వచ్చే శక్తిలో 20వ వంతు అందులోనే వేడిగా పోతుంది. అది 0.22 డీబీ.

ఇన్‌పుట్ లైన్: ఎఫ్‌ఆర్4 లాస్ టాంజెంట్ (పదార్థం ఎంత శక్తిని మింగుతుందో చెప్పే అంకె) 0.02 దగ్గర ఉంటుంది. 2.2 గిగాహెర్ట్జ్‌లో 25 మిల్లీమీటర్ల లైన్‌కి దాదాపు 0.2 డీబీ పోతుంది. మీ లైన్ పొడవెంత?

ఇవన్నీ కలిపినా 0.8 మాత్రమే. మీకు తేడా 1.3 ఉంది. పైగా ఈ నష్టాలేవీ గెయిన్ 3 డీబీ పడిపోవడాన్ని వివరించలేవు. కాబట్టి నాకు అనుమానం ఆ వయాల మీద. 1.6 మిల్లీమీటర్ల బోర్డులో 0.4 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఒక్క వయా ఇండక్టెన్స్ సుమారు 1.2 నానోహెన్రీ. రెండు పక్కపక్కన అంటే 0.6. దానికి 2 మిల్లీమీటర్ల ట్రేస్ కూడా కలపండి. మీరు సున్నా అనుకున్న చోట అంత ఉంది. బ్యాండ్‌లో గెయిన్ దానివల్లే తగ్గుతుంది. అసలు ప్రమాదం మాత్రం పైన, 8, 10 గిగాహెర్ట్జ్ దగ్గర. అక్కడ ఇదే ఇండక్టెన్స్ ట్రాన్సిస్టర్‌ను ఆసిలేటర్‌గా మార్చేయగలదు.

ఒక పని చేయండి. బయాస్ కరెంట్ (ట్రాన్సిస్టర్‌ను నడిపే డీసీ కరెంట్) చూస్తూ, ట్రాన్సిస్టర్‌ను తాకకుండా వేలు దగ్గరికి తీసుకెళ్లండి. కరెంట్ కదిలిందేమో చెప్పండి. కదిలితే అది ఆసిలేట్ అవుతున్నట్టే.

ప్రశ్నార్థకం · సోమవారం ఉదయం 10:14

నేను రెండో సంవత్సరం బీటెక్. మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. 1.9 వచ్చినా గెయిన్ ఉంది కదా, తర్వాత ఇంకో రెండు ఆంప్లిఫయర్లు పెడితే సిగ్నల్ పెద్దదవదా? ఈ ఒక్క డీబీ కోసం ఇంత తాపత్రయం ఎందుకో అర్థం కాలేదు.

భూకేంద్రం · సోమవారం మధ్యాహ్నం 1:40

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. నేను గ్రౌండ్ స్టేషన్ ఆపరేషన్స్‌లో పనిచేస్తాను కాబట్టి నా వైపు నుంచి చెబుతాను.

పెద్దది చేయడం సులువే. కానీ ఆంప్లిఫయర్ సిగ్నల్‌ని, దాంతో వచ్చిన నాయిస్‌ని ఒకేలా పెంచుతుంది, పైగా తన సొంత నాయిస్ కూడా కలుపుతుంది. మొదటి స్టేజ్‌లో కలిసిన నాయిస్ తర్వాత ఎన్ని స్టేజ్‌లు పెట్టినా పోదు. రెండో స్టేజ్ కలిపే నాయిస్ మాత్రం మొదటి స్టేజ్ గెయిన్‌తో భాగించబడుతుంది. హెరాల్డ్ ఫ్రీస్ 1944లో రాసిన సూత్రం ఇదే. అందుకే రిసీవర్ మొత్తానికి మొదటి ట్రాన్సిస్టరే ప్రాణం.

ఇప్పుడు ఆ ఒక్క డీబీ విలువ చూడు. నాయిస్‌ని ఉష్ణోగ్రతగా రాస్తే 1.9 డీబీ అంటే 159 కెల్విన్. దానికన్నా సుమారు ఒక డీబీ తక్కువ, 0.85 డీబీ అయితే 63 కెల్విన్. డిష్ ఆకాశం నుంచీ నేల నుంచీ పట్టే నాయిస్ 50 కెల్విన్ అనుకుందాం. మొత్తం 209 ఒక పక్క, 113 ఒక పక్క. తేడా 2.7 డీబీ. ఆ 2.7 డీబీని డిష్ పెంచి తెచ్చుకోవాలంటే 1.8 మీటర్ల డిష్ బదులు 2.45 మీటర్ల డిష్ కావాలి. దానికి తగ్గ మోటార్లు, దానికి తగ్గ స్తంభం, గాలికి ఆగే పునాది.

ఇంకో రకంగా చెబుతాను, మాకు రోజూ తగిలేది ఇదే. 600 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహం సరిగ్గా నెత్తి మీదుగా వెళ్లినా, 10 డిగ్రీల ఎలివేషన్‌కి (దిగంతం నుంచి ఎత్తు కోణం) పైన ఉండేది సుమారు ఎనిమిదిన్నర నిమిషాలు. 10 డిగ్రీల దగ్గర అది 1930 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, 2.2 గిగాహెర్ట్జ్‌లో దారి నష్టం 165 డీబీ. నెత్తి మీదకి వచ్చేసరికి దాదాపు 155. మంచి ఎల్‌ఎన్‌ఏతో లింక్ సరిగ్గా 10 డిగ్రీల దగ్గర మొదలవుతుందనుకో. అదే స్టేషన్‌లో 1.9 డీబీ ఎల్‌ఎన్‌ఏ పెడితే ఉపగ్రహం 1420 కిలోమీటర్ల లోపలికి వచ్చేదాకా, అంటే 19 డిగ్రీలు ఎక్కేదాకా ఏమీ వినిపించదు. ఎనిమిదిన్నర నిమిషాల పాస్ ఆరు నిమిషాలు అయిపోతుంది. సెకనుకి ఒక మెగాబిట్ లెక్కన రెండున్నర నిమిషాలంటే సుమారు 19 మెగాబైట్లు. ఆ పాస్‌లో దిగాల్సిన ఫోటో సగంలో ఆగిపోతే కంట్రోల్ రూమ్‌లో ఎలా ఉంటుందో చూసినవాళ్లకి తెలుస్తుంది.

చెల్లీ, నువ్వు పడుతున్న తాపత్రయం న్యాయమైనదే. వదలకు.

ప్రశ్నార్థకం · సోమవారం మధ్యాహ్నం 2:03

అర్థమైంది అక్కా. నాయిస్‌ని కెల్విన్‌లో కొలుస్తారంటే నిజంగానే వేడికి సంబంధించిందా, లేక లెక్క కోసమా?

కక్ష్యలెక్క · సోమవారం సాయంత్రం 4:48

రెండూ. 63 కెల్విన్ నాయిస్ ఉన్న ఆంప్లిఫయర్‌ను ముట్టుకుంటే చల్లగా ఏమీ ఉండదు. ఆ ఉష్ణోగ్రతలో ఉన్న రెసిస్టర్ ఎంత నాయిస్ ఇస్తుందో అంత కలుపుతోందని అర్థం. అయితే నష్టాలున్న ప్రతి భాగమూ తన అసలు ఉష్ణోగ్రతకు తగ్గట్టు నాయిస్ ఇస్తుందన్నది నిజం. అందుకే సుదూర అంతరిక్ష నౌకలను వినే పెద్ద యాంటెన్నాల్లో మొదటి ఆంప్లిఫయర్‌ను నిజంగానే కొన్ని కెల్విన్‌ల దాకా చల్లబరుస్తారు. 1977లో బయలుదేరిన వాయేజర్ 1 ట్రాన్స్‌మిటర్ శక్తి సుమారు 23 వాట్లు, దాని డిష్ 3.7 మీటర్లు. సూర్యుడి గాలి ప్రభావం ఉన్న ప్రాంతాన్ని దాటిన దాన్ని ఇంకా వినగలుగుతున్నామంటే ఇటువైపు 70 మీటర్ల డిష్‌లూ, ఆ చల్లని ఆంప్లిఫయర్లూ ఉన్నాయి కాబట్టే.

తొలిసంకేతం · సోమవారం రాత్రి 9:37

సర్, కదిలింది!

ల్యాబ్‌లో ఎవరూ లేనప్పుడు చూశాను. డిజైన్ ప్రకారం 60 మిల్లీఆంప్స్ ఉండాలి. మీటర్ 58 చూపిస్తోంది. వేలు రెండు సెంటీమీటర్ల దూరంలో ఉన్నంతవరకు కదల్లేదు. ఒక సెంటీమీటర్ లోపలికి రాగానే 55, ఇంకొంచెం దగ్గరైతే 51. వేలు తీస్తే మళ్లీ 58. చేతి ఊపిరి తగిలినట్టు అంకె ఊగుతోంది. మూడు వారాలుగా ఆ మీటర్ నా పక్కనే ఉంది, ఒక్కసారీ ఈ పని చేయలేదు.

మా స్పెక్ట్రమ్ అనలైజర్ 6 గిగాహెర్ట్జ్ దాకానే చూడగలదు. అందులో ఏమీ కనిపించలేదు. పక్క ల్యాబ్‌లో 26 గిగాహెర్ట్జ్‌ది ఉంది, రేపు అడుగుతాను.

కేబుల్, అడాప్టర్ విడిగా కొలిచాను: 0.4 డీబీ. ఇన్‌పుట్ లైన్ 22 మిల్లీమీటర్లు.

రాగితీగ · సోమవారం రాత్రి 10:15

సంతోషం అమ్మా. జబ్బు దొరికింది, మందు తర్వాత చూద్దాం. రేపు అనలైజర్ మీద చూసేటప్పుడు 7 నుంచి 12 దాకా జాగ్రత్తగా చూడండి. కనిపిస్తే ఆ స్క్రీన్ సేవ్ చేయండి, వేలు దగ్గర పెట్టినప్పుడు అది ఎటు జరుగుతుందో కూడా. థీసిస్‌లో ఆ రెండు చిత్రాలూ పక్కపక్కన ఉండాలి.

తొలిసంకేతం · మంగళవారం సాయంత్రం 6:22

9.4 గిగాహెర్ట్జ్. సూదిలా నిలబడి ఉంది. ఇన్‌పుట్‌కి ఏమీ కలపకుండానే! వేలు దగ్గరికి తెస్తే 9.3 వైపు జారుతోంది.

రాత్రంతా సిమ్యులేషన్ మళ్లీ చేశాను. సోర్స్ దగ్గర 0.6 నానోహెన్రీ, ట్రేస్ ముక్క పెట్టి, తయారీదారు ఇచ్చిన ఎస్-పారామీటర్ ఫైలు (ట్రాన్సిస్టర్ కొలతల డేటా) ఎంతవరకు ఉందో అంతదాకా, అంటే 18 గిగాహెర్ట్జ్ దాకా చూశాను. 9 దగ్గర కె 1 కిందికి పడిపోతోంది. బ్యాండ్‌లో గెయిన్ 12.3కి వచ్చింది. కొలతకీ దీనికీ తేడా 0.3 మాత్రమే. మొదటిసారి కంప్యూటరూ బోర్డూ ఒకే మాట చెప్పాయి.

డిజిటల్‌దారి · మంగళవారం రాత్రి 8:10

ఈ థ్రెడ్ చదువుతుంటే నా చదువు రోజులు గుర్తొస్తున్నాయి. అభినందనలు. ఎల్‌ఎన్‌ఏ సంగతి పెద్దవాళ్లు చూసుకుంటున్నారు కాబట్టి వెనకాల ఉన్న డిజిటల్ భాగం గురించి ఒకటి అడుగుతాను. డాప్లర్‌కి (ఉపగ్రహం కదలిక వల్ల వచ్చే ఫ్రీక్వెన్సీ మార్పుకి) మీ రిసీవర్‌ను ఎలా పరీక్షిస్తున్నారు?

తొలిసంకేతం · మంగళవారం రాత్రి 8:41

600 కిలోమీటర్ల కక్ష్యకి 2.2 గిగాహెర్ట్జ్‌లో గరిష్ఠంగా ప్లస్ 50 కిలోహెర్ట్జ్ నుంచి మైనస్ 50 దాకా లెక్క వచ్చింది. సిగ్నల్ జనరేటర్‌లో సెకనుకి ఒక మెగాబిట్ డేటా పెట్టి, క్యారియర్‌ను (డేటాను మోసే మూల తరంగాన్ని) ఆ పరిధిలో నెమ్మదిగా జరుపుతూ చూశాను. డీమాడ్యులేటర్ (డేటాను బయటికి తీసే భాగం) లాక్ వదల్లేదు.

డిజిటల్‌దారి · మంగళవారం రాత్రి 9:55

ఇక్కడే ఆగండి. మీరు క్యారియర్‌ను మాత్రమే జరిపారు. ఉపగ్రహం దగ్గరికి వస్తున్నప్పుడు క్యారియర్ ఒక్కటే మారదు, అందులో ఉన్న ప్రతిదీ అదే నిష్పత్తిలో ముడుచుకుంటుంది. బిట్ల వేగం కూడా. 50 కిలోహెర్ట్జ్‌ని 2.2 గిగాహెర్ట్జ్‌తో భాగిస్తే పది లక్షలకు 23. అంటే సెకనుకి పది లక్షల బిట్లు పంపితే మీ దగ్గరికి పది లక్షల ఇరవైమూడు వస్తాయి. మీ టైమింగ్ లూప్ (బిట్ల వేగాన్ని వెంబడించే భాగం) దాన్ని అందుకోకపోతే సెకనుకి 23 బిట్లు జారతాయి. ఫ్రేములు నిలబడవు.

చిన్న విషయంలా ఉంది కదా. దీనివల్ల ఒక గ్రహాంతర యాత్రే పోయేది. 1997లో బయలుదేరిన కాసిని నౌకతో పాటు హైగెన్స్ అనే ప్రోబ్ శనిగ్రహపు చందమామ టైటన్ మీద దిగడానికి వెళ్లింది. హైగెన్స్ మాట్లాడేది కాసినితో, కాసిని దాన్ని భూమికి పంపాలి. అప్పటికి నౌక దారిలో ఉంది. బోరిస్ స్మెడ్స్ అనే ఐరోపా అంతరిక్ష సంస్థ ఇంజినీర్ ఒక పరీక్ష కావాలని పట్టుబట్టారు: భూమి మీది గోల్డ్‌స్టోన్ యాంటెన్నా నుంచి హైగెన్స్ పంపబోయే లాంటి సిగ్నల్‌ను, డాప్లర్‌తో సహా, కాసినికి పంపి చూడాలని. 2000 ఫిబ్రవరిలో చేశారు. క్యారియర్ లాక్ అయింది. డేటా మాత్రం చెదిరిపోయింది. కాసినిలోని రిసీవర్ క్యారియర్ డాప్లర్‌కి సిద్ధంగా ఉంది, బిట్ల వేగంలో వచ్చే డాప్లర్‌కి సిద్ధంగా లేదు. ఆ లూప్ సెట్టింగులు మార్చడానికి అక్కడి ఫర్మ్‌వేర్‌లో వీలు లేదు.

చివరికి ఏం చేశారో చూడండి. సర్క్యూట్‌ను మార్చలేక దారినే మార్చారు. హైగెన్స్ దిగే సమయానికి కాసిని దూరంగా, పక్కగా వెళ్లేలా ప్రయాణం మళ్లీ లెక్కవేశారు. అలా వెళ్తే రెండింటి మధ్య దూరం మారే వేగం తగ్గుతుంది, డాప్లర్ తగ్గుతుంది. 2005 జనవరి 14న హైగెన్స్ టైటన్ మీద దిగింది, చిత్రాలు వచ్చాయి. ఆ పరీక్ష అడిగిన మనిషి అంటే నాకు చాలా గౌరవం. అన్నీ సరిగ్గా ఉన్నాయని అందరూ అంటున్నప్పుడు, అసలు సిగ్నల్ ఎలా ఉంటుందో అలాగే పెట్టి చూద్దామన్నారాయన.

మీరూ అదే చేయండి. రికార్డు చేసిన సిగ్నల్‌ను 23 పీపీఎమ్ (పది లక్షలకు 23) ముడుచుకునేలా రీశాంపుల్ చేసి, క్యారియర్‌నూ అంతే జరిపి డీమాడ్యులేటర్‌కి ఇవ్వండి.

తొలిసంకేతం · బుధవారం ఉదయం 6:50

పొద్దున్నే చేశాను. 15 పీపీఎమ్ దాటగానే నా టైమింగ్ లూప్ లాక్ వదిలేసింది. జిట్టర్ (టైమింగ్ వణుకు) తగ్గుతుందని లూప్ బ్యాండ్‌విడ్త్ మరీ సన్నగా పెట్టాను, అందుకే. బ్యాండ్‌విడ్త్ నాలుగు రెట్లు పెంచి, లూప్‌ను రెండో ఆర్డర్ చేశాను. ఇప్పుడు 40 పీపీఎమ్ దాకా నిలబడుతోంది. మీరు అడగకపోయి ఉంటే ఇది డిష్ ఎక్కించాక బయటపడేది, అప్పుడు నేను ఎల్‌ఎన్‌ఏనే అనుమానించేదాన్ని.

రాగితీగ · బుధవారం మధ్యాహ్నం 12:20

ఇక కొత్త బోర్డు. 1.6 వదిలేసి 0.8 మిల్లీమీటర్లు తీసుకోండి. వయా పొడవు సగమవుతుంది, ఇండక్టెన్స్ కూడా సగం కన్నా తగ్గుతుంది. ప్రతి సోర్స్ కాలికీ నాలుగు వయాలు, కాలిని ఆనుకునే. డ్రెయిన్ వైపు 10 నుంచి 20 ఓమ్‌ల రెసిస్టర్ సిరీస్‌లో పెట్టండి. అవుట్‌పుట్ వైపు కాబట్టి నాయిస్‌కి దాదాపు నష్టం లేదు, పైఫ్రీక్వెన్సీల్లో మాత్రం పొగరు అణుగుతుంది. ఇన్‌పుట్ లైన్ 22 నుంచి 8 మిల్లీమీటర్లకు తేవచ్చు, కనెక్టర్‌ను దగ్గరికి జరపండి. ఇండక్టర్ వైర్‌వౌండ్ రకం తీసుకోండి, క్యూ రెట్టింపు ఉంటుంది.

లో లాస్ లామినేట్ వాడితే ఇంకా మంచిదే, కానీ 8 మిల్లీమీటర్ల లైన్‌కి ఎఫ్‌ఆర్4 కూడా 0.07 దాటదు. సమయం మీకు ముఖ్యం.

ఇంకొకటి. మీ నాయిస్ సోర్స్ ఈఎన్‌ఆర్ (అది ఇచ్చే నాయిస్ బలం) 15 డీబీ అయితే, 6 డీబీది దొరుకుతుందేమో చూడండి. ఆన్, ఆఫ్ మధ్య దాని ఇంపీడెన్స్ తక్కువ మారుతుంది. మీరు 0.1 డీబీల కోసం కొట్లాడుతున్నారు, అక్కడ ఆ తేడా తెలుస్తుంది.

తొలిసంకేతం · పన్నెండు రోజుల తర్వాత, సోమవారం రాత్రి 10:30

బోర్డులు వచ్చాయి. ఈరోజు మధ్యాహ్నం సోల్డర్ చేశాను. ముందుగా వేలు పెట్టి చూశాను. 60 మిల్లీఆంప్స్. వేలు దాదాపు తగిలేంత దగ్గరికి తెచ్చినా 60. 26 గిగాహెర్ట్జ్ దాకా ఎక్కడా సూది లేదు.

నాయిస్ ఫిగర్ 0.85. గెయిన్ 14.3. సరిదిద్దిన సిమ్యులేషన్ చెప్పింది 0.8, 14.6.

ఇప్పుడు కొత్త చిక్కు. మేడ మీద డిష్‌కి పెట్టి ఎస్‌డీఆర్‌తో (సాఫ్ట్‌వేర్ రేడియో రిసీవర్‌తో) చూస్తే నాయిస్ ఫ్లోర్ (సిగ్నల్ లేనప్పటి నాయిస్ మట్టం) ఒక దిక్కుకి తిప్పినప్పుడల్లా లేచిపోతోంది. ఆ దిక్కున మొబైల్ టవర్ ఉంది.

భూకేంద్రం · సోమవారం రాత్రి 11:02

2110 నుంచి 2170 మెగాహెర్ట్జ్ దాకా మొబైల్ టవర్లు ప్రసారం చేసే బ్యాండ్. మీ 2200 పక్కింటిలా ఉంటుంది. ఎల్‌ఎన్‌ఏకి ముందు కేవిటీ ఫిల్టర్ (పక్క బ్యాండ్‌ను ఆపే తక్కువ నష్టపు ఫిల్టర్) పెట్టండి. మా స్టేషన్‌లో అలాగే ఉంది, సమస్య రాలేదు.

రాగితీగ · సోమవారం రాత్రి 11:25

మేడమ్, ఇక్కడ నేను ఒప్పుకోను. ఇన్ని రోజులు 0.2, 0.3 డీబీలు గీకి గీకి తీసిన చోట మళ్లీ అర డీబీ ఫిల్టర్ పెట్టడం ఎందుకు? ముందు ఏది నిండిపోతోందో తేలాలి. ఎల్‌ఎన్‌ఏనా, దాని వెనక ఉన్నదా? అమ్మా, డిష్ టవర్ వైపు పెట్టి, ఎల్‌ఎన్‌ఏ తీసేసి, ఫీడ్‌ను నేరుగా అనలైజర్‌కి పెట్టి ఎంత వస్తోందో చూడండి.

భూకేంద్రం · మంగళవారం ఉదయం 9:10

కొలవమనడం సరైనదే. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి సర్, టవర్ సిగ్నల్ రోజంతా ఒకేలా ఉండదు. రాత్రి పదకొండుకి కొలిచింది సాయంత్రం ఏడుకి నిలవదు. స్టేషన్ నడిపేవాళ్లకి అర డీబీ కన్నా నమ్మకం ముఖ్యం.

తొలిసంకేతం · మంగళవారం రాత్రి 8:55

అక్క చెప్పినట్టు సాయంత్రం ఏడు గంటలకే కొలిచాను. మైనస్ 28 డీబీఎమ్ (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డీబీలో). నా ఎల్‌ఎన్‌ఏ ఇన్‌పుట్ కంప్రెషన్ పాయింట్ (అది నిండిపోవడం మొదలయ్యే స్థాయి) ప్లస్ 4 దగ్గర, కాబట్టి దానికి ఇబ్బంది లేదు. కానీ వెనక 20 డీబీ రెండో స్టేజ్ ఉంది. మొత్తం 34 పెరిగి ఎస్‌డీఆర్ దగ్గరికి ప్లస్ 6 డీబీఎమ్ చేరుతోంది. నిండిపోయేది అదే.

రెండు రకాలుగానూ లెక్క వేశాను. రెండో స్టేజ్ నాయిస్ ఫిగర్ 3 డీబీ. అర డీబీ నష్టం ఉన్న ఫిల్టర్‌ను ముందు పెడితే మొత్తం 1.48 డీబీ, అంటే 118 కెల్విన్. 2 డీబీ నష్టం ఉన్న మామూలు ఫిల్టర్‌ను ఎల్‌ఎన్‌ఏకీ రెండో స్టేజ్‌కీ మధ్య పెడితే 1.13 డీబీ, 86 కెల్విన్. మధ్యలో పెట్టేస్తున్నాను. టవర్ ఇంకో 15 డీబీ బలంగా వినిపించినా ఎల్‌ఎన్‌ఏ తట్టుకుంటుంది.

భూకేంద్రం · మంగళవారం రాత్రి 9:20

సాయంత్రం కొలతతో ఈ లెక్క వచ్చిందంటే నేనూ అదే చేసేదాన్ని. మీ మేడ మీద పరిస్థితికి మధ్యలో పెట్టడమే సరి. మా దగ్గర టవర్ ఇంకా దగ్గరగా ఉంది, అందుకే మాకు ముందు కావాల్సి వచ్చింది.

ప్రశ్నార్థకం · బుధవారం ఉదయం 7:30

అక్కా, పాత బోర్డు పారేశారా? పారేయకపోతే ఆ వేలు ప్రయోగం వీడియో పెట్టగలరా? మా క్లాసులో స్టెబిలిటీ అంటే కె ఒకటి కన్నా ఎక్కువ అని రాయించారు, అంతే.

తొలిసంకేతం · శుక్రవారం రాత్రి 11:48

పారేయలేదు తమ్ముడూ. రేపు వీడియో తీసి ఇక్కడే పెడతాను. ఆ బోర్డు మీదే మూడో చాప్టర్ మొత్తం నడుస్తోంది. ఐడియల్ గ్రౌండ్‌తో ఏం వచ్చింది, అసలు వయాతో ఏం వచ్చింది, 9.4 దగ్గర ఏం జరిగింది అన్నవి మూడు గ్రాఫులు. గైడ్ చదివి, ఈ చాప్టర్ ముందు పెట్టి, మంచి అంకెలు వచ్చిన చాప్టర్‌ని దాని తర్వాత పెట్టమన్నారు.

ఈ రాత్రి 9:16కి ఒక పాస్ ఉంది, గరిష్ఠ ఎలివేషన్ 64 డిగ్రీలు. నేనూ నా స్నేహితురాలూ మేడ మీద ఉన్నాం. 5 డిగ్రీల దగ్గర వాటర్‌ఫాల్‌లో (సమయంతో పాటు ఫ్రీక్వెన్సీలను చూపే చిత్రంలో) ఏమీ లేదు. 8 దగ్గర సన్నటి గీత, ఉందో లేదో అన్నట్టు. లెక్క వేసినట్టే 50 కిలోహెర్ట్జ్ పైన మొదలై మెల్లగా కిందికి వంగుతోంది. 11 డిగ్రీల దగ్గర మొదటి ఫ్రేమ్ చెక్‌సమ్ సరిపోయింది. స్క్రీన్ మీద ఒక్క పచ్చ లైను. తర్వాత అవి ఆగకుండా వస్తూనే ఉన్నాయి. నెత్తి మీదకి వచ్చినప్పుడు డాప్లర్ గీత నిట్టనిలువుగా దిగింది, అక్కడ లాక్ పోతుందేమోనని ఇద్దరం ఊపిరి బిగబట్టుకున్నాం. పోలేదు. అవతలి వైపు 10 డిగ్రీలకి ఆగిపోయాయి.

ఎక్కేటప్పుడు 11, దిగేటప్పుడు 10 ఎందుకో ఇంకా చూడాలి. ఎక్కే వైపు టవర్ దిక్కు ఉంది, అదే కావచ్చు. రేపు ఉదయం 8:40 పాస్ ఆ దిక్కు నుంచి రాదు. అది కూడా రికార్డు చేసి రెండింటినీ పోల్చి రాస్తాను.

రాగితీగ · శనివారం ఉదయం 5:58

ఉదయం పాస్‌కి ముందు డిష్‌ను ఒకసారి ఖాళీ ఆకాశానికి, ఒకసారి నేలకి తిప్పి నాయిస్ స్థాయి తేడా రాసుకోండి అమ్మా. రెండు నిమిషాల పని. సిస్టమ్ నాయిస్ ఎంతో ఆ రెండు అంకెలతోనే తేలిపోతుంది, టవర్ వాటా కూడా తెలుస్తుంది.

తొలిసంకేతం · శనివారం ఉదయం 6:10

ఇప్పుడే మేడ మీదకి వెళ్తున్నాను సర్.